బ్రేకమ్మ విన్న చప్పుడు

మా డ్రైవింగ్ స్కూల్లో ఆవిడ అసలు పేరు రిజిస్టరులో తప్ప ఎవరి నోట్లోనూ ఉండేది కాదు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గర అమర్చిన రెండో బ్రేకు మీద ఎప్పుడూ కాలు ఆనించి ఉంచేది కాబట్టి అందరికీ ఆవిడ బ్రేకమ్మ. ఎదురుగా ఉంటే మేడమ్, పక్కకి తిరిగితే బ్రేకమ్మ. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. ఒకసారి నేను నోరుజారి "బ్రేకమ్మగారూ" అనేశాను.

"గారు తగిలించావు, సంతోషం. ముందు క్లచ్చు మీంచి కాలు తియ్యి," అంది.

నేను అప్పటికి డ్రైవింగ్ పరీక్ష రెండుసార్లు తప్పినవాణ్ణి. ఒక ఆఫీసులో టైపు పని. కొత్తగా ఎవరేం చెప్పినా తలాడించడం అలవాటైన మనిషిని. అందుకే కాబోలు, తల అడ్డంగా ఊపడం తప్ప నిలువుగా ఊపడం రాని ఆ మనిషి గురించి చెప్పాలని ఇన్నాళ్ళుగా అనుకుంటున్నాను.

మా బ్యాచ్‌లో పన్నెండు మందిమి. అందరిలోకీ పెద్ద నర్సమ్మ. ముప్పై నాలుగేళ్ళు ఆస్పత్రి వార్డుల్లో నిలబడి పనిచేసి, రిటైరయ్యాక అరవై ఒకటో ఏట స్టీరింగ్ పట్టింది. ఇంట్లో ఆవిడ అక్క ఉంది, మోకాళ్ళు పట్టేసి నడవలేదు. వారానికి రెండుసార్లు ఆమెని వ్యాయామం చేయించే చోటికి తీసుకెళ్ళాలి. ఆ రెండుసార్లూ అక్క కొడుకుని అడగాలి.

"వాడు కాదనడు బాబూ," అని చెప్పింది నాతో ఒకసారి. "తీసుకెళ్తాడు, తీసుకొస్తాడు. కానీ కారు తలుపు తీసేటప్పుడు ఒక నిట్టూర్పు విడుస్తాడు చూడూ, ఆ నిట్టూర్పు వినలేక నేర్చుకుంటున్నా."

ఒక మంగళవారం పొద్దున ఏడింటికి నర్సమ్మ పాఠం. ఆమె తరవాత నాది కాబట్టి నేను వెనక సీట్లో ఉన్నాను. బండి, స్కూల్లో ఉన్న మూడింటిలోకీ పాతది, ఎర్ర కారు. గోదాము పక్క సందులో నర్సమ్మ ఎడమవైపుకి తిప్పింది. ముందు చక్రం దగ్గర ఎవరో చిటికెలు వేసినట్టు టక్, టక్, టక్ మంది. స్టీరింగ్ సరిచేయగానే ఆగిపోయింది.

"ఆపండమ్మా," అంది బ్రేకమ్మ.

నర్సమ్మ గాభరాగా ఆపింది. "నేనేం చేశాను?"

"మీరేం చెయ్యలేదు. మళ్ళీ ఎడమకి తిప్పండి, మెల్లిగా."

మళ్ళీ టక్, టక్, టక్. బ్రేకమ్మ తల ఒక పక్కకి వాల్చి, తలుపు అద్దం దించి, చెవి బయట పెట్టింది. మూడో మలుపుకి ఆమె ముఖం మారిపోయింది. పాఠం మధ్యలోనే బండి స్కూలుకి తిప్పించింది.

స్కూలంటే షట్టరున్న ఒక ముందుగది. గోడ మీద రోడ్డు గుర్తుల పటం, దాని కింద మూడు మేకులు, మూడు తాళాలు. బల్ల మీద ఇత్తడి పలక, దాని మీద 'ప్రొప్రైటరు' అని చెక్కించిన అక్షరాలు. ఆ పలక వెనక కూర్చునే ఆయన బ్రేకమ్మ భర్తకి పెదనాన్న కొడుకు. అంటే ఆమెకి బావగారు. ఉద్యోగం ఇచ్చింది ఆయనే, ఆ మాట నెలకోసారైనా గుర్తుచేసేదీ ఆయనే.

"బావగారూ, ఎర్ర కారు ముందు చక్రంలో చప్పుడొస్తోంది. ఎడమకి తిప్పితే టకటకలాడుతోంది. షెడ్డుకి పంపాలి," అంది బ్రేకమ్మ.

"కారన్నాక చప్పుడు చెయ్యదా అమ్మాయ్? చప్పుడు చెయ్యకపోతే ఎదురొచ్చేవాడికి ఎలా తెలుస్తుంది?" అని ఆయన తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు. బ్రేకమ్మ నవ్వలేదు. అక్కణ్ణించి కదల్లేదు కూడా. ఆయన నవ్వు ఆపి, ఫోన్ చేసి మేస్త్రిని పిలిపించాడు.

మేస్త్రి వచ్చి చక్రం మీది ప్లాస్టిక్ మూత పీకి, "ఇది వదులైంది, అంతే," అని డిక్కీలో పడేశాడు. బుధవారం చప్పుడు అలాగే ఉంది. మళ్ళీ వచ్చి టైరు గీతల సందులోంచి ఒక గులకరాయి తీసి, పురుడు పోసిన మంత్రసానిలా దాన్ని అరచేతిలో పెట్టి అందరికీ చూపించాడు. గురువారం చప్పుడు ఇంకాస్త పెరిగింది. మూడోసారి మేస్త్రి రాలేదు. ప్రొప్రైటరే తీర్పు చెప్పేశాడు.

"ఆ పెద్దావిడ స్టీరింగ్‌ని తడిబట్ట పిండినట్టు పిండుతోంది. ఆ వయసులో ఇవన్నీ ఎందుకంటే వినదు. బండి పాడైందంటే ఆవిడవల్లే. రేపటినుంచి ఆవిడ పాఠాలు ఆపెయ్."

గది బయట బెంచీ మీద కూర్చున్న నర్సమ్మకి ఆ మాటలన్నీ వినిపించాయి. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని దాని పట్టీని మెలితిప్పుతూ కూర్చుంది. బ్రేకమ్మ బయటికొచ్చి, ఆ చేతుల వంక ఒక నిమిషం చూసి, "రేపు కాదు, ఎల్లుండి రండమ్మా. పదకొండింటికి. గంట ఎక్కువ పడుతుంది, అక్కగారికి చెప్పి రండి," అంది. నా వైపు తిరిగి, "నువ్వు కూడా," అంది.

ఇక్కడ ఆమె గురించి కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి. ఇది నాకు ఆమె భర్త చెప్పాడు. ఆయన ఒకప్పుడు రొట్టెల కంపెనీలో వ్యాను డ్రైవరు. ముప్పై ఎనిమిదో ఏట ఒక కంటి చూపు పూర్తిగా పోయింది, రెండోది మసకబారింది. ఇద్దరు చిన్నపిల్లలు. డాక్టరు ఇంక నడపొద్దన్న రోజు ఆయన ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడట. బ్రేకమ్మ అప్పటికి సైకిలు కూడా తొక్కి ఎరగదు.

"వారం రోజులు తెల్లారకుండానే లేపేది. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించుకుంది. నేను గేరు మార్చమంటే వైపరు వేసేది. తిట్టేవాణ్ణి. తిట్టిన కొద్దీ స్టీరింగ్ గట్టిగా పట్టుకునేది తప్ప దిగేది కాదు," అని నవ్వాడాయన.

నెల తిరిగేసరికల్లా లైసెన్సు తెచ్చుకుని, భర్త బదులు మూడు రోజులు వ్యాను నడిపింది. కంపెనీ సూపర్‌వైజరుకి నాలుగోరోజు తెలిసింది. ఆడమనిషికి వ్యాను ఇచ్చేది లేదన్నాడు.

"మూడు రోజులుగా రొట్టెలు టైముకే అందాయి కదండీ. నడిపేది ఎవరో రొట్టెలకి తెలియదు," అందట ఆమె.

పదకొండేళ్ళు నడిపింది ఆ వ్యాను. అందులో ఒక్కసారి మాత్రం ఆమె ఎదుటివాళ్ళు చెప్పిన మాట విని ఊరుకుంది. బ్రేకు నొక్కితే కీచుమంటోందని చెబితే, సోమవారం దాకా సర్దుకోమన్నాడు సూపర్‌వైజరు. సర్దుకుంది. శనివారం మధ్యాహ్నం బజారు మలుపులో బ్రేకు పట్టలేదు. సైకిలు మీద వెళ్తున్న గడియారాల మరమ్మతు ఆయన్ని వ్యాను పక్కకి కొట్టింది. ఆయన కాలు రెండుచోట్ల విరిగింది. ఆయన ఎవరిమీదా ఫిర్యాదు చెయ్యలేదు. అదే ఆమెని ఎక్కువ కాల్చింది. నాలుగు నెలలు ప్రతి ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి, చెప్పులు బయట విడిచి, ఆయన మంచం పక్కన కూర్చుని వచ్చేదట.

"ఆ ఏడాది తరవాత ఆవిడతో 'సర్దుకో' అనే మాట నేను కూడా అనలేదు," అన్నాడు భర్త.

శనివారం పదకొండింటికి మమ్మల్ని వాడకం ఆగిపోయిన బస్సు డిపోకి తీసుకెళ్ళింది. విశాలమైన సిమెంటు మైదానం, పగుళ్ళలోంచి మొలిచిన గడ్డి, ఒక మూల తుప్పుపట్టిన టిక్కెట్ల గది. నరమానవుడు లేడు.

"ఇవాళ పాఠం లేదు. ఇవాళ మనం డాక్టర్లం," అంది బ్రేకమ్మ.

"అయితే నన్ను అడగాలి," అంది నర్సమ్మ. "రోగి ఎక్కడ నొప్పి అంటాడో అక్కడే జబ్బుంటుందని నమ్మకూడదు. ఎప్పుడు నొప్పి, ఏం చేస్తే నొప్పి, ఏం చేస్తే తగ్గుతుంది, అవి ముందు కనుక్కోవాలి."

"అదే చేద్దాం."

మొదట బండి నిలబెట్టి, ఇంజను నడుస్తుండగా స్టీరింగ్ ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పించింది. చప్పుడు లేదు. "నిలబడ్డప్పుడు లేదు. అంటే పైన స్ప్రింగు దగ్గరి బేరింగు గొడవ కాదు," అంది. డిపో గేటు దగ్గరున్న స్పీడు బ్రేకరు మీదుగా రెండుసార్లు పోనిచ్చింది. చప్పుడు లేదు. "కుదుపుకీ లేదు." తిన్నగా ఆ గోడ దాకా వెళ్ళి వచ్చాం. లేదు. తరవాత మొదటి గేరులో ఎడమవైపుకి గుండ్రంగా తిప్పమంది. టక్, టక్, టక్, టక్.

నర్సమ్మ అలవాటుకొద్దీ చేతి గడియారం వంక చూడబోయింది. "మీరు రోడ్డు చూడండి," అని బ్రేకమ్మ కసిరి, ఆ గడియారం విప్పించి నాకిచ్చింది. నేను లెక్కపెట్టాను. వేగం పెరిగితే చప్పుడూ పెరిగింది. యాక్సిలరేటరు మీంచి కాలు తీసేస్తే నీరసించింది, మళ్ళీ నొక్కగానే విజృంభించింది. కుడివైపు చుట్లు కొట్టిస్తే దాదాపు వినిపించలేదు.

"బండి కదలాలి, తిరగాలి, ఇంజను లాగాలి. మూడూ కలిస్తేనే మాట్లాడుతోంది," అంది బ్రేకమ్మ. "ఇంక ఏ చక్రమో తేలాలి. లోపల కూర్చుంటే తేలదు. నేను దిగి పక్కన నడుస్తూ వింటాను. నువ్వు కూడా దిగు."

నేను దిగాను. ఆమె దిగింది. అప్పుడు గాని మాకు తట్టలేదు, కారులో నర్సమ్మ ఒక్కతే ఉందని. రెండో బ్రేకు మీద ఎవరి కాలూ లేదు.

నర్సమ్మకీ అదే క్షణంలో తట్టింది. "అమ్మో, నేనొక్కదాన్నా?"

"ఒక్కరే. మొదటి గేరు, ఎడమకి, గుండ్రంగా. ఎవరూ అడ్డం రారు. భయమేస్తే ఆపండి, ఆపడం వచ్చు కదా మీకు?"

"వచ్చు."

"అయితే అన్నీ వచ్చినట్టే. పోనివ్వండి."

పోనిచ్చింది. ఆమె స్టీరింగ్‌ని పిండలేదు, పట్టుకుంది. బ్రేకమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, కారుకి ఒక బారెడు దూరంలో పక్కపక్కనే నడిచింది. ముందు లోపలివైపు చుట్టు, తరవాత బయటివైపు చుట్టు. బయటివైపు, అంటే కుడి చక్రం వైపు వచ్చేసరికి చెయ్యి పైకెత్తింది. "ఇదే!" అని అరిచింది. నర్సమ్మ మాత్రం ఆపలేదు. ఇంకో రెండు చుట్లు వేసింది. నోరు బిగించి, కళ్ళు పెద్దవి చేసుకుని, ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఒక్కసారి కూడా ఎవరూ చూసి ఉండని ముఖంతో.

బండి ఆపించి, ఇంజను కట్టేయించి, హ్యాండ్‌బ్రేకు వేయించి, స్టీరింగ్ పూర్తిగా ఎడమకి తిప్పి ఉంచమంది. కుడి చక్రం వెనక సందు తెరుచుకుంది. బ్రేకమ్మ నేలమీద ఒక పాత గోనెసంచి పరుచుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, అందులోకి చెయ్యి పెట్టింది. బయటికి తీసేసరికి నాలుగు వేళ్ళూ నల్లగా ఉన్నాయి. చక్రం లోపలి అంచు చుట్టూ గ్రీజు చిమ్మి, దానికి ఇసుక అంటుకుని ఉంది.

ఇంజను నుంచి చక్రానికి తిప్పే శక్తిని తెచ్చే ఇరుసు చివర ఒక కీలు ఉంటుంది. చక్రం ఎటు తిరిగినా ఇరుసు దాంతోపాటు వంగేలా చేసేది ఆ కీలే. దానికి రబ్బరు తొడుగు, మడతలు మడతలుగా. ఆ తొడుగులో గ్రీజు నింపి ఉంచుతారు. ఎర్ర కారుకి ఆ తొడుగు ఒక మడత పొడవునా నోరు తెరిచింది. గ్రీజంతా బయటికి పోయింది, దుమ్మంతా లోపలికి పోయింది. కీలులోని ఉక్కు గుండ్లు ఎండిపోయి, అరిగి, మలుపు వచ్చినప్పుడల్లా ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నాయి.

అది కాదు మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. ఆ చిరుగు చుట్టూ నల్ల టేపు చుట్టి ఉంది. కరెంటు తీగలకి చుట్టే టేపు. సగం ఊడి వేలాడుతోంది.

బ్రేకమ్మ ఆ టేపు ముక్కని లాగి పట్టుకుంది. "ఎవరో కట్టు కట్టారు," అంది.

నర్సమ్మ వంగి చూసింది. "కట్టు కట్టినవాడికి గాయం సంగతి తెలిసే ఉంటుంది కదమ్మా," అంది.

అక్కణ్ణించి తిన్నగా మేస్త్రి షెడ్డుకి వెళ్ళాం. బ్రేకమ్మ నడిపింది, కుడి మలుపులు వచ్చే దారి చూసుకుని. మేస్త్రి ఆ టేపు ముక్క చూడగానే తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు.

"రెండు నెలల కిందటే చెప్పానమ్మా. అప్పుడైతే ఆ తొడుగు మారిస్తే సరిపోయేది. ఆయనే, ఈ బ్యాచ్ పరీక్షలు అయిపోనీ, అందాకా ఏదో చుట్టు అన్నాడు."

"మరి మూత వదులైందన్నావు. రాయి తీసి చూపించావు."

మేస్త్రి నేల చూపులు చూశాడు. "ఇప్పుడు మొత్తం ఇరుసే మార్చాలి," అన్నాడు.

"ఇలాగే నడిపితే?"

"నడుస్తుంది. వారమో, నెలో. ఒకరోజు కీలు విడిపోతుంది. ఇంజను అరుస్తుంది, బండి కదలదు. అదృష్టం బాగుంటే సందులో. లేకపోతే నాలుగురోడ్ల మధ్యలో, లారీ ముందర."

స్కూలుకి వచ్చేసరికి ప్రొప్రైటరు భోజనానికి లేవబోతున్నాడు. బ్రేకమ్మ ఆ టేపు ముక్కని ఇత్తడి పలక మీద పెట్టింది. అది దానికి అతుక్కుపోయింది.

"ఇన్నాళ్ళూ మసిపూసి మారేడుకాయ చేశారు బావగారూ. నర్సమ్మగారి చేతుల మీద తోశారు."

ఆయన ముందు కోపం తెచ్చుకున్నాడు, తరవాత మెత్తబడ్డాడు, మళ్ళీ కోపం తెచ్చుకున్నాడు. "గురువారం పన్నెండుమందికి పరీక్ష. తెల్లదీ నీలందీ వేరే బ్యాచ్‌లకి వెళ్ళిపోయాయి. ఇప్పుడు ఇరుసు తెప్పించాలంటే వారం పడుతుంది. నాలుగు రోజులు ఓపిక పట్టలేవా? ఇక్కడ చెప్పేది నేనా, నువ్వా?"

"చెప్పేది మీరే. నడిపేది నేను. నేను నడపను."

"నువ్వు కాకపోతే ఇంకొకడు."

"ఇంకొకడినీ నడపనివ్వను."

"నేర్చుకునేదాన్ని ఒంటరిగా కారులో వదిలేశావట! అదేంటి మరి? ఆ పెద్దావిడే బయట బెంచీ మీద కూర్చుని అందరికీ గొప్పగా చెప్తోంది."

"వదిలాను," అంది బ్రేకమ్మ. "ఖాళీ డిపోలో, మొదటి గేరులో వదిలాను. అది తప్పైతే తప్పే, రాసుకోండి. మీరు మాత్రం రెండు నెలలుగా అందరినీ రోడ్డు మీద వదిలారు."

ఆయన బల్ల మీద చెయ్యి కొట్టాడు. "తాళం అక్కడ తగిలించి ఇంటికెళ్ళు. నువ్వింక రానక్కర్లేదు."

ఆమె తాళం తగిలించలేదు. బయటికి నడిచి, కారెక్కి, షట్టరుకి అడ్డంగా, చక్రాలు పూర్తిగా ఎడమకి తిప్పి నిలబెట్టి, తాళం నడుం దగ్గర దోపుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున నేను వెళ్ళేసరికి ఆమె ఆ కారు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. వచ్చిన ప్రతివాళ్ళకీ ఒకే మాట.

"చెయ్యి పెట్టి చూడండి. అదిగో, ఆ చక్రం వెనక. భయపడకండి, కరవదు."

ఒక్కొక్కరూ వంగి చెయ్యి పెట్టారు. కాలేజీ అమ్మాయి ఒకతె ఫోన్ దీపం వేసి చూసింది. దర్జీ ఒకాయన నల్లబడ్డ వేళ్ళు చూసుకుని, "నిన్నటిదాకా ఇందులోనా మేం తిరిగింది?" అన్నాడు. తొమ్మిదింటికి ప్రొప్రైటరు వచ్చేసరికి ఎనిమిదిమందిమి ఆ కారు చుట్టూ నల్లటి చేతులతో నిలబడి ఉన్నాం.

ఆయన మొహం కందగడ్డలా అయింది. జేబులోంచి రెండో తాళం తీసి, "ఏం చప్పుడో మీరే వినండి!" అని ఎక్కి కూర్చున్నాడు. బ్రేకమ్మని దాటుకుని నర్సమ్మ వెళ్ళి పక్క సీట్లో కూర్చుంది. ఆయన బండి తీస్తూనే రేడియో గట్టిగా పెట్టాడు. వార్తలు వీధంతా వినిపించాయి. నర్సమ్మ చెయ్యి చాచి రేడియో కట్టేసింది. ఎడమ మలుపు తిరిగారు. ఎదురు దుకాణంవాడు కూడా తలెత్తి చూసేంతగా టకటకటకటక.

"నాకేం వినిపించలేదు," అన్నాడు ఆయన దిగి.

"చెవులు పరీక్ష చేయించుకోండి. మా ఆస్పత్రిలో మంచి డాక్టరున్నాడు, చీటీ రాసిస్తా," అంది నర్సమ్మ.

ఆయన కారుని తన ఇంటి దగ్గర పెట్టుకున్నాడు. బంధువుల్లో పెద్దవాళ్ళ చేత బ్రేకమ్మ భర్తకి ఫోన్ చేయించాడు. ఇంటి పరువు, అన్నదమ్ముల వరస, ఉద్యోగం ఇచ్చిన చెయ్యి, అన్నీ దులిపారట. ఆయన చివరిదాకా ఓపిగ్గా విని, "మీరు చెప్పిందంతా నిజమే పెదనాన్నా. కానీ ఆవిడ బ్రేకు నా కాళ్ళ దగ్గర లేదు," అని పెట్టేశాడట.

గురువారం పరీక్ష మైదానానికి మేం పన్నెండుమందిమీ వెళ్ళాం. ఎర్ర కారు తళతళలాడుతూ నిలబడి ఉంది. కడిగించాడు. చక్రం లోపలి గ్రీజు కూడా తుడిపించాడు. గేటు దగ్గర బ్రేకమ్మ నిలబడి ఉంది, చేతిలో మంచినీళ్ళ సీసాతో.

"నువ్వెందుకొచ్చావు?" అన్నాడు ప్రొప్రైటరు.

"నా పిల్లలకి పరీక్ష."

ఆమె కంటే పదిహేనేళ్ళు పెద్దదైన పిల్ల, నర్సమ్మ, ఆ మాటకి తల నిమురుకుంది.

పరీక్ష పెట్టే అధికారి బక్కపల్చటి మనిషి. మెడలో ఈల, చేతిలో అట్ట. బ్రేకమ్మ నేరుగా ఆయన దగ్గరికి నడిచింది.

"అయ్యా, వీళ్ళకంటే ముందు బండికి పరీక్ష పెట్టండి. ఎడమకి ఒక్క చుట్టు చాలు."

"మీరెవరు?"

"శనివారం దాకా దీని టీచర్ని."

ప్రొప్రైటరు పరుగున వచ్చాడు. "ఆవిడ మాటలు పట్టించుకోకండి సార్, ఇంటి గొడవలు. ముందు ఇతన్ని ఎక్కించండి," అని నా భుజం పట్టుకుని ముందుకి తోశాడు.

నిజం చెప్తున్నాను, నేను కారు వైపు ఒక అడుగు వేశాను కూడా. రెండుసార్లు తప్పినవాణ్ణి. మూడోసారి తప్పితే మళ్ళీ మొదటినుంచీ దరఖాస్తు పెట్టుకోవాలి. అధికారి నా వంక చూస్తున్నాడు. ప్రొప్రైటరు చెయ్యి ఇంకా నా భుజం మీదే ఉంది. బ్రేకమ్మ నా వంక చూడను కూడా లేదు. చూసి ఉంటే బహుశా తలాడించి ఎక్కేసేవాణ్ణేమో.

"నేను ఇందులో ఎక్కను సార్," అన్నాను. గొంతు పిల్లి గొంతులా వచ్చింది, కానీ వచ్చింది.

"నేనూ ఎక్కను," అంది నర్సమ్మ. దర్జీ ఎక్కనన్నాడు. కాలేజీ అమ్మాయి చేతులు కట్టుకుని నిలబడింది. మిగతావాళ్ళలో ఇద్దరు మాత్రం గొణిగారు, ఈ గొడవలో మా పరీక్ష పోతోందని. వాళ్ళని తప్పుపట్టను.

అధికారి విసుగ్గా అట్ట కింద పెట్టి, తనే కారెక్కి ఎడమకి ఒక చుట్టు వేశాడు. సగం చుట్టులోనే ఆపేశాడు. దిగి, చక్రం వెనక వంగి చూసి, లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"బండి తీసుకెళ్ళండి. బాగుచేయించి, నాకు చూపించి, అప్పుడు తీసుకురండి వీళ్ళని. ఇవాళ ఎవరికీ పరీక్ష లేదు."

పన్నెండుమంది పరీక్ష పోయింది. ప్రొప్రైటరు ఎవరితోనూ మాట్లాడకుండా కారుని లాక్కెళ్ళే బండి పిలిపించి దాని ముందు సీట్లో ఎక్కి వెళ్ళిపోయాడు. బ్రేకమ్మ మా అందరికీ సీసాలో నీళ్ళు పంచింది. గొణిగిన ఇద్దరికీ ముందు ఇచ్చింది.

"నామీద కోపంగా ఉందా?" అని అడిగింది వాళ్ళని.

"ఉంది," అన్నాడొకడు.

"ఉండనీ. కాళ్ళూ చేతులూ ఉన్నాయిగా, కోపం కూడా ఉండనీ," అంది.

ఇరుసు మార్చడానికి పదిరోజులు పట్టింది. ఆ పదిరోజులూ ప్రొప్రైటరు బ్రేకమ్మకి కబురు పెట్టలేదు, ఆమె అడగలేదు. పదకొండో రోజు, సోమవారం, ఏడింటికి పావుగంట ముందు ఆమె షట్టరు కిందనుంచి వంగి లోపలికి వచ్చింది. నేను బెంచీ మీద ఉన్నాను. ప్రొప్రైటరు బల్ల దగ్గర ఉన్నాడు. ఆమె తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళి ఎర్ర కారు రెండో తాళం తీసుకుంది.

"నిన్నెవరు రమ్మన్నారు?" అన్నాడాయన.

"ఎవరూ రమ్మనలేదు. ఏడింటికి పాఠం ఉంది."

"నేను తీసేశాను నిన్ను."

"తీసేస్తే ఈ పన్నెండుమందికీ ఎవరు నేర్పుతారో చెప్పండి, తాళం వాళ్ళకిచ్చి వెళ్తాను."

ఆయనకి చెప్పడానికి ఇంకో టీచరు ఎవరూ లేరు. మాలో పదిమంది అప్పటికే, ఆవిడ లేకపోతే మేమూ రామని కాగితం రాసి సంతకాలు పెట్టి ఆ బల్ల మీదే ఉంచాం. ఆ కాగితం టైపు చేసింది నేనే. నా జీవితంలో పై అధికారి చెప్పకుండా టైపు చేసిన మొదటి కాగితం అది.

నర్సమ్మ తరవాతి నెల పరీక్షలో తప్పింది. పార్కింగులో గీత దాటింది. గీతే వంకరగా ఉందని అధికారితో వాదించింది కూడా. ఆ పై నెల గెలిచింది. ఇప్పుడు వారానికి రెండుసార్లు తన సెకండ్‌హ్యాండ్ కారులో అక్కని ఎక్కించుకుని వెళ్తుంది. అక్క మాత్రం ఆమె నడుపుతున్నంతసేపూ కళ్ళు మూసుకుని కూర్చుంటుందట. "మూసుకోనీ, నిట్టూర్చదు కదా," అంటుంది నర్సమ్మ. నేనూ గెలిచాను, మూడోసారికి.

ప్రొప్రైటరు క్షమాపణ చెప్పలేదు. ఇంట్లో ఏ శుభకార్యమైనా బావగారూ మరదలూ చెరో మూల కూర్చుంటారని ఆమె భర్త నవ్వుతూ చెప్పాడు. స్కూల్లో పని మాటలు తప్ప వాళ్ళిద్దరి మధ్యా ఇంకో మాట నేను వినలేదు.

చివరిసారి నేను ఆ స్కూలుకి వెళ్ళింది మా తమ్ముణ్ణి చేర్పించడానికి. బ్రేకమ్మ ఎవరో కొత్తావిడతో బయటికి బయల్దేరుతోంది. ప్రొప్రైటరు గుమ్మం దాకా వచ్చి, ఆమె మొహం చూడకుండా, రోడ్డు వంక చూస్తూ అన్నాడు.

"ఆ తెల్ల కారు బ్రేకు నొక్కితే ఏదో కీచుమంటోంది అమ్మాయ్. ఒకసారి చూడు."

బ్రేకమ్మ కారు తలుపు తీసి, కొత్తావిడని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, అద్దాలు సరిచేయించింది. ఆ తరవాత అటు తిరిగింది.

"దాని తాళం నా చేతికి ఇవ్వండి బావగారూ. నేను చూసేదాకా ఎవరికీ ఇవ్వకూడదు."

ఆయన లోపలికి వెళ్ళి తాళం తెచ్చి ఇచ్చాడు. ఆమె దాన్ని సంచిలో వేసుకుని, పక్క సీట్లో కూర్చుని, తలుపు వేసుకుంది.